కారుకి కోటింగ్ మనమే వేసుకోవచ్చు, పర్మనెంటు అన్న మాట మాత్రం నమ్మొద్దు



ఈసారి పురుగుమందుల సంగతి పక్కన పెట్టి కారు సంగతి రాస్తున్నాను. నవ్వకండి. కొత్తదో సెకండ్ హ్యాండ్‌దో, ఇప్పుడు మన ఊళ్లలో వీధికి ఒకటన్నా ఉంటోంది. కొత్త కారు కొనడానికి పోతే ఆఖరి సంతకం పెట్టేముందు ఒక మాట అంటున్నారు, "సిరామిక్ కోటింగ్ వేయించుకోండి, పర్మనెంటు, ఇక పెయింటుకి ఢోకా ఉండదు" అని. 15 వేలు, 20 వేలు, ఆ పైన కూడా చెబుతున్నారు. ఇంట్లో పిల్లలేమో ఫోనులో చిన్న సీసా చూపించి "మనమే వేసుకుందాం నాన్నా" అంటున్నారు. నన్నడిగితే పిల్లల మాటే వినండి. అయితే పర్మనెంటు అనే మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

ముందు అదేంటో చూద్దాం. ఆ సీసాలో ఉండేది ఎక్కువగా సిలికా సంబంధమైన మందు. పెయింటు మీద రాస్తే ఆరి గాజులాంటి పలచటి పొరగా పట్టుకుంటుంది. ఎంత పలచన? మామూలుగా 1 నుంచి 2 మైక్రాన్లు. మిర్చికి, పుచ్చకి మనం పరిచే మల్చింగ్ షీటు 25, 30 మైక్రాన్లు ఉంటుంది. అందులో పదో వంతు కూడా లేదన్నమాట. అంత పలచటి పొర రాయి దెబ్బనీ, గేదె కొమ్ము గీతనీ, కంప గీతనీ ఆపుతుందా? ఆపదు. సీసా మీద 9హెచ్ అని రాసి ఉంటుంది. అది పెన్సిల్ ములుకుతో గీసి చూసే పరీక్ష, ఇంకేం లేదు.

మరి లాభమేంటి? నీళ్లు నిలవకుండా జారిపోతాయి, బురద త్వరగా వదులుతుంది, ఎండకి రంగు వెలవడం తగ్గుతుంది. పిట్ట రెట్ట పడితే తుడుచుకునేందుకు కాస్త వ్యవధి దొరుకుతుంది. ఈ మేరకు నిజమే. కానీ ఇది కూడా అరుగుతుంది. మన దుమ్ములో, ఎండలో మంచి మందే అయినా కొన్నేళ్లే. మళ్లీ వేసుకోవాల్సిందే.

అందుకే దీన్ని కారు లోనులో కలపనివ్వకండి. 20 వేలు 10 శాతం వడ్డీకి 7 ఏళ్ల లోనులో కలిపితే నెలకి 332 రూపాయలు, మొత్తం దాదాపు 27,900 అవుతుంది. పొర అరిగిపోయాక కూడా కిస్తీ కడుతూనే ఉంటాం. పంట అమ్ముకున్నాక పురుగుమందు కొట్లో బాకీ మిగిలినట్టే ఇది.

ఇక మనమే వేసుకునే సంగతి. ఒక కారుకి 30 నుంచి 50 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. అసలు కష్టం సీసా తెరవక ముందే ఉంది. గోడ గీకకుండా సున్నం వేస్తే పెచ్చులూడినట్టే, ఇక్కడా ముందు పని సరిగా చేయకపోతే డబ్బు వృథా.

మొదట కారు షాంపూతో కడగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకునే నీళ్లు. ఒకే బకెట్టయితే ఆ ఇసుకే మళ్లీ పెయింటు మీద రుద్దినట్టవుతుంది. ఆరాక చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి బానెట్ మీద మెల్లగా రాయండి. గరగరలాడితే మురికి ఇంకా ఉన్నట్టే. దానికి క్లే బార్ అనే మెత్తటి ముద్ద దొరుకుతుంది, సబ్బు నీళ్లు చల్లి దాంతో మెల్లగా లాగాలి.

గీతలుంటే పాలిష్ పట్టాలి, లేకపోతే అవి పొర కింద అలాగే కనబడతాయి. వెల్డింగ్ షాపు గ్రైండరుకి ప్యాడ్ బిగించి మాత్రం పట్టకండి. అది నిమిషానికి 11 వేల చుట్ల దాకా తిరుగుతుంది, అంచుల దగ్గర పెయింటు కాలి లేచిపోతుంది. గీతలు ఎక్కువుంటే పాలిష్ వరకు షాపులో చేయించుకోండి. అది పనితనం, వాళ్లకి కూలి ఇవ్వడం న్యాయమే. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు తీయాలి. ఇంట్లో మిగిలిన శానిటైజర్ వాడొద్దు, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, అది మళ్లీ జిడ్డే.

ఎప్పుడు వేయాలి? ఎండాకాలం మధ్యాహ్నం రేకు వేడికి రాయగానే ఆరిపోయి మరకలు కడుతుంది. వానాకాలం తేమ వేరే ఇబ్బంది. నూర్పిళ్లప్పుడు దుమ్ము. అన్నీ చూస్తే నూర్పిళ్లయ్యాక, ఎండలు ముదరకముందు, మంచు విడిచిన పొద్దుటిపూట, షెడ్డు నీడలో మంచిది. చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్కు ఉండాలి. గాలి ఆడాలి కాబట్టి తలుపులు మూయొద్దు.

ఒకటిన్నర అడుగు చదరం చొప్పున, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాయాలి. ఇంద్రధనస్సు రంగులు తేలాక, సీసా మీద చెప్పిన టైముకి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయాలి. ఇంకో శుభ్రమైన గుడ్డతో మళ్లీ తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. ఎక్కడన్నా మందు మిగిలిపోయి గట్టిపడితే మళ్లీ పాలిష్ పడితేగానీ పోదు. వాడిన గుడ్డలు పారేయండి, అవి గరుకెక్కుతాయి. కనీసం ఒక రోజు నీటి చుక్క పడకూడదు, ఒక వారం షాంపూ వద్దు.

అందరికీ ఇది అవసరమా? అవసరం లేదు. రంగు వెలిసిన పాత కారుకి, రోజూ డొంకలో తిరిగే బండికి మామూలు వ్యాక్స్ చాలు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కోటింగ్ ఉన్నా లేకున్నా కడిగి ఎండలో వదిలేస్తే తెల్ల మచ్చలు పడతాయి, గుడ్డతో వెంటనే తుడవాల్సిందే.

ఇంకో మాట. మన కార్లని తినేసే తుప్పు ఎక్కువగా కిందనుంచే వస్తుంది. దమ్ము చేసిన బురద చక్రాల గూళ్లలో నెలల తరబడి ఉంటుంది. డిక్కీలో పొటాష్ బస్తా చిరిగి ఒలికితే అందులోని క్లోరైడ్ చెమ్మ తగలగానే ఇనుముని కొరుకుతుంది. పైన రాసే ఏ పొరా దాన్ని ఆపలేదు. వారానికోసారి కింద పైపు పెట్టి కడగడం, బస్తా కింద పట్టా పరచడం, వీటికి పైసా ఖర్చు లేదు.

ముందు ఇవి చేయండి. మిగిలిన ఓపిక ఉంటే, రెండు రోజుల తీరిక ఉంటే, నగదుతో సీసా కొని ఇంట్లో వాళ్లతో కలిసి వేసుకోండి. మీలో ఎవరైనా సొంతంగా వేసి రెండు వానాకాలాలు దాటించి ఉంటే, ఇప్పుడెలా ఉందో చెప్పండి. వేయాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.