గాజుగోడల రాజ్యం

విజ్ఞాన కల్పన అనగానే అంతరిక్షనౌకలు, యంత్రమానవులు స్ఫురిస్తారు. అది పిల్లల కాలక్షేపమని తేల్చివేసే పండితులూ లేకపోలేదు. కాని రాజ్యాధికారం ఎదుట ఒంటరి మనిషి ఎంత నిస్సహాయుడో చెప్పడంలో ఈ ప్రక్రియ చరిత్ర గ్రంథాలకు తీసిపోదు. రష్యన్ రచయిత యెవ్గెనీ జమ్యాతిన్ 1920-21 కాలంలో రచించిన 'మేము' నవల ఇందుకు నిదర్శనం.

ఆ నవలలోని 'ఏకరాజ్యం'లో పౌరులకు పేర్లుండవు, సంఖ్యలుంటాయి. ఇండ్ల గోడలు గాజువి. తెర దించుకోవడానికి అనుమతిపత్రం కావాలి. ఎప్పుడు నిద్రలేవాలో మొదలుకొని ముద్దను ఎన్నిమార్లు నమలాలో వరకు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. యాభై మార్లట! ఏటా ఎన్నిక కూడ ఉంది; గెలిచేవాడు మాత్రం ఎల్లప్పుడూ ఒక్కడే, 'మహోపకారి'. అంతరిక్షనౌకను నిర్మిస్తున్న డి-503 అనే గణితవేత్త ఒక తిరుగుబాటుదారును ప్రేమిస్తాడు. అతనికి కలలు రావడం మొదలవుతుంది. ఆ రాజ్యంలో కల ఒక వ్యాధి. చివరకు శస్త్రచికిత్సతో అతని ఊహాశక్తిని తొలగిస్తారు. ప్రియురాలిని కళ్లెదుటే హింసిస్తుంటే అతడు ప్రశాంతంగా చూస్తూ కూర్చుంటాడు.

మన పురాణాలలోని నిరంకుశులకు ఇంతటి సామర్థ్యం లేదు. హిరణ్యకశిపుడు కొడుకును కొండపైనుండి త్రోయించాడు, ఏనుగులచే త్రొక్కించాడు, విషం పెట్టించాడు. ప్రహ్లాదుని మనస్సులోనికి మాత్రం చొరబడలేకపోయాడు. అతడు పొందిన వరంలోనూ ఒక సందు మిగిలింది. జమ్యాతిన్ చిత్రించిన పాలకుడు ఆ సందును సైతం మూసివేశాడు. తాను బాధితుడనన్న ఎరుకే బాధితునికి మిగలనప్పుడు తిరుగుబాటు ఎక్కడ పుడుతుంది?

జమ్యాతిన్ ఇదంతా గాలిలోనుండి అల్లలేదు. నౌకానిర్మాణ ఇంజనీరైన ఆయనను జారు ప్రభుత్వమూ, బోల్షెవిక్ ప్రభుత్వమూ కూడ నిర్బంధించాయి. నవల 1924లో ఆంగ్లానువాదంగా న్యూయార్కులో వెలువడింది. సోవియట్ దేశంలో అచ్చుకావడానికి 1988 దాక ఆగవలసివచ్చింది. 1931లో స్టాలిన్‌కు లేఖ వ్రాసి, అనుమతి పొంది దేశం విడిచిన రచయిత 1937లో పారిస్‌లో కన్నుమూశాడు. బీహారులోని మోతీహారిలో జన్మించిన జార్జ్ ఆర్వెల్ 1946లో ఈ నవలను సమీక్షించి, 1949లో '1984' నవలను వెలువరించాడు.

ఇటువంటి రచనలు యువతకు నిరాశ నేర్పుతాయనే ఆక్షేపణ ఉంది. అది సగం చదివినవారి మాట. డి-503 ఓడిపోయాడు, నిజమే. కాని ఎంత హింసించినా ఆ స్త్రీ నోటినుండి ఒక్క మాట రాలేదు. అతని బిడ్డను మోస్తున్న మరొక స్త్రీ అప్పటికే ప్రాకారం దాటి వెళ్లిపోయింది. చివరి పుటలోనూ నగరం పడమటి దిక్కున పోరు ఆగలేదు.