మీ వంటింటి గట్టులో నలుపు ఎంత శాతం?



తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చిన రాయి ప్రాజెక్టు గురించి మీలో చాలామంది ఫోన్ చేశారు. ఒక రాయి ముక్క తెచ్చుకుని, ఫోటో తీసి, అందులో నల్ల ఖనిజం ఎంత శాతం, తెల్ల ఖనిజం ఎంత శాతం ఉన్నాయో కంప్యూటర్లో కొలవాలి. "ఫోన్లో యాప్ పెడితే రాయి పేరు చెప్పేస్తుంది కద సార్, దీనికి మూడు వారాలెందుకు?" అన్నది ఎక్కువమంది ప్రశ్న. ఫౌండేషన్ క్లాసుల టైము పోతోందన్నది దాని వెనక ఉన్న దిగులు. ఫీజు కట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్నే కాబట్టి వివరంగానే జవాబిస్తాను.

ముందు యాప్ సంగతి. మన ఇళ్లలో వంటింటి గట్టు మీద బంగారు చుక్కలు మెరిసే నల్లరాయి ఉంటుందే, ఒంగోలు పక్కన చీమకుర్తి నుంచి వచ్చేది, దాన్ని దేశదేశాల్లో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి. గ్రానైట్ అనాలంటే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లను కలిపి లెక్కేసినప్పుడు అందులో క్వార్ట్జ్ వాటా 20 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. గెలాక్సీలో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. ప్రధానంగా ఉన్నవి ప్లేజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్. రాయి పేరు దాని రంగును బట్టి రాదు, ఏ ఖనిజం ఎంత ఉందన్న లెక్కను బట్టి వస్తుంది. కోసి పాలిష్ పెట్టే ఇలాంటి గట్టి రాళ్లు చాలావరకు వ్యాపారంలో గ్రానైటే. వ్యాపారానికి అది చాలు. సైన్సు నోట్‌బుక్కుకు చాలదు.

మన పొన్నూరులో రాయి పుట్టదు. ఇది కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు నేల. ఊళ్లో కనిపించే ప్రతి రాయీ లారీ మీదో, రైలు మీదో వచ్చిందే: గుడి మెట్లు, వంటింటి గట్లు, నిడుబ్రోలు స్టేషన్లో పట్టాల కింద కంకర. (కంకర కోసం పిల్లల్ని పట్టాల దగ్గరికి మాత్రం పంపకండి. గ్రానైట్ షాపుల్లో కోసి పారేసిన అంచు ముక్కలుంటాయి, అడిగితే ఇస్తారు. ఒక పక్క పాలిష్ కూడా ఉంటుంది, మనకు కావలసింది అదే.)

రాయిలో ఏముందో శాతాల్లో చెప్పడం కంప్యూటర్లు వచ్చాక పుట్టిన పని కాదు. 1847లో డెలెస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక పద్ధతి చెప్పాడు. రాతిని కోసి నున్నగా చేసి, పైన కనిపించే ఖనిజాల ఆకారాలను మైనపు కాగితం మీద గీసుకున్నాడు. దాన్ని తగరపు రేకుకు అంటించి, ముక్కలుగా కత్తిరించి, ఏ ఖనిజం ముక్కలు ఆ ఖనిజానికి వేరు చేసి తూకం వేశాడు. కోత ముఖం మీద ఒక ఖనిజం ఎంత శాతం స్థలం ఆక్రమిస్తే, రాయి మొత్తంలోనూ దాని వాటా దాదాపు అంతే అన్నది ఆయన సూత్రం. ఈరోజు సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే. రేకు బదులు పిక్సెళ్లు, తూకం బదులు లెక్క.

పిల్లలు మొదటి వారం చేసేది ఇంకా తేలికైనది. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద గళ్లు గీసి రాయి మీద పరుస్తారు. గీతలు కలిసే ప్రతి చోటా కింద ఉన్నది నలుపో తెలుపో చూసి టిక్కు పెడతారు. 100 చుక్కల్లో 20 నలుపు మీద పడితే 20 శాతం. కానీ గణాంక సూత్రం ప్రకారం ఆ 20కి అటూ ఇటూ 4 శాతం తేడా మామూలే. 400 చుక్కలు లెక్కపెడితే తేడా 2కు తగ్గుతుంది. తేడాను సగం చేయాలంటే పని నాలుగింతలు చేయాలన్నమాట. ఇది పదో తరగతి తర్వాత పుస్తకంలో ఎప్పుడో వస్తుంది. 400 టిక్కులు పెట్టిన పిల్లకు అప్పుడు ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

రెండో వారం కంప్యూటర్. మేం వాడే ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో వేన్ రాస్‌బ్యాండ్ 1997లో తయారుచేశారు, జీవశాస్త్ర పరిశోధనల ఫోటోలను కొలవడానికి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఏఐ అన్న రెండక్షరాలు బ్రోషర్లో పడితే అడ్మిషన్లు పెరుగుతాయని మా రంగంలో అందరికీ తెలుసు, మన సంస్థ అందుకు మినహాయింపు కాదు. అయినా ఈ పనికి కొత్త ల్యాబూ అక్కర్లేదు, కొత్త ఫీజూ అక్కర్లేదు.

ఫోటోను బూడిద రంగులోకి మార్చాక ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 255 లోపు ఒక అంకె వస్తుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. ఏ అంకె దగ్గర హద్దు గీసి "ఇక్కడిదాకా నల్ల ఖనిజం" అనాలో మనం చెప్పాలి. హద్దు 90 దగ్గర పెడితే ఒక శాతం, 110 దగ్గర పెడితే ఇంకో శాతం. "ఆటో" అని ఒక మీట ఉంది, పిల్లలు ముందు అదే నొక్కుతారు. అదీ ఎవరో రాసిన సూత్రమే. జపాన్‌కు చెందిన ఒత్సు 1979లో చెప్పినది వాటిలో పేరున్నది. అలాంటివి ఆ సాఫ్ట్‌వేర్లో పదికి పైగా ఉన్నాయి, ఒకే ఫోటోకు ఒక్కోటి ఒక్కో జవాబు ఇవ్వవచ్చు. ఫ్లాష్ వేసి తీస్తే పాలిష్ మీది మెరుపు తెల్ల ఖనిజంలో కలిసిపోతుంది. రాయి తడిగా ఉంటే మరింత నల్లగా కనిపిస్తుంది. గెలాక్సీ రాయైతే ఇంకా తమాషా. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ రకం. వెలుగు పడే కోణం మారితే కొన్ని ఆరిపోయి కొన్ని వెలుగుతాయి. మెరిసేవాటినే లెక్కపెడితే మధ్యాహ్నం ఒక జవాబు, సాయంత్రం ఒక జవాబు.

క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ లేత రంగువే అయితే ఈ పద్ధతి వాటిని విడదీయలేదు. అందుకు శాస్త్రవేత్తలు రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, ధ్రువణ కాంతి మైక్రోస్కోపులో ఫోటోలు తీసి, అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఇస్తారు. బడిలో అది కుదరదు. మా పిల్లలు నలుపు, లేత రంగు అన్నంత వరకే చెప్పగలరు, రిపోర్టులో అంతవరకే రాయమన్నాం.

శాతం మీద తగువు మీకు కొత్తది కాదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందంటే ఏమవుతుందో ఇక్కడ ప్రతి రైతుకూ తెలుసు. కొన్న చోట మీటరు ఒకటి చెప్పి, మిల్లులో మీటరు ఇంకోటి చెబితే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో కూడా తెలుసు. పత్తి నాణ్యత చూసే హెచ్‌వీఐ యంత్రంలో ఉన్న కెమెరా, దూది పైభాగాన్ని ఫోటో తీసి చెత్త ఎంత శాతం విస్తీర్ణంలో ఉందో లెక్కిస్తుంది. మా పిల్లలు రాయికి చేసేది అచ్చంగా అదే. యంత్రం అంకె చెప్పగానే తల వంచకుండా "హద్దు ఎక్కడ పెట్టారు? ఏ పక్క నుంచి చూశారు?" అని అడగగలిగే పిల్ల మీ ఇంట్లో ఉండాలని మీకు లేదా? నాకైతే ఉంది.

పోయినేడాది ఇలాంటి ప్రాజెక్టుకు కొన్ని రిపోర్టులు జెరాక్సు షాపుల నుంచి కలర్ ప్రింటు వేసుకుని వచ్చాయి. అన్నింటిలో ఒకటే అంకె, దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాలతో సహా. రాళ్లు మాత్రం వేరు వేరు.

అందుకే ఈసారి 20 మార్కుల్లో శాతానికి 4 మాత్రమే పెట్టాం. చేత్తో లెక్కపెట్టిన టిక్కుల కాగితానికి 6, మూడు వేర్వేరు హద్దులతో వచ్చిన మూడు జవాబులకు 4, ఇవి ఎందుకు కలవలేదో సొంత మాటల్లో రాసిన అర పేజీకి 6. ఆ అర పేజీ తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఒకటే. స్పెల్లింగుకు మార్కులు తగ్గించం.

మీ నుంచి కోరేవి కొన్నే. ఫోటో పగటి వెలుగులో, నీడలో, నిటారుగా పైనుంచి తీయించండి, పక్కన స్కేలు పెట్టించండి. రాయి తుడిచి, ఆరనివ్వండి. చారల రాయి దొరికితే (బెజవాడ కొండల్లో అలాంటివి ఉంటాయి) చారల వెంట ఒక ఫోటో, చారలకు అడ్డంగా ఉన్న ముఖానికి ఒక ఫోటో తీయించండి. డెలెస్ సూత్రం అలాంటి రాయి దగ్గర ఇబ్బంది పడుతుంది, ఎందుకో వాళ్లే చెప్పాలి. పక్కింటి అబ్బాయికి 31 వచ్చి మీ అమ్మాయికి 26 వస్తే అంకె దిద్దించకండి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి రాయి ఒకరితో మళ్లీ లెక్కపెట్టించండి.

ఇంట్లో ల్యాప్‌టాప్ లేనివాళ్లకు శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబు తెరిచే ఉంటుంది. రాయి దొరకనివాళ్ల కోసం ల్యాబు గుమ్మం పక్కన ఒక బకెట్టులో ముక్కలు పెట్టాం. అంచులు పదునుగా ఉన్నాయి, చేతులు జాగ్రత్త అని పిల్లలకు చెప్పి పంపండి.