మేడమీది పలకలును, వాననీటి వాలును



మేడమీద పలకలు పరపించి, నాలుగు పూలకుండీలు పెట్టుకొని, సాయంకాలము పిల్లలతో చల్లగాలికి కూర్చుండవలెనను కోరిక పట్టణములయందలి ఇల్లాండ్రకు నేడు మిక్కుటముగా నున్నది. కోరిక మంచిదే. చెక్కపొడియు ప్లాస్టిక్కును కలిపి చేసిన ఈ పలకలకు చెద సులభముగా పట్టదు; ఏటేట రంగు పూయ నక్కఱలేదు. "వానకు తడిసినను చెడవమ్మా" అని అంగడివాడు చెప్పును. పలక చెడకపోవచ్చును. దాని క్రింది కప్పు సంగతి యేమని అతని నడుగువారు అరుదు.

పలకలు పరచిన పిమ్మట కప్పు కంటికి కానరాదు. అచ్చట నిలిచిన నీరు కాంక్రీటులోని కింకి ఇనుపచువ్వలను త్రుప్పు పట్టించును. త్రుప్పుతో ఉబ్బిన చువ్వ పైనున్న సిమెంటును పగులదీసి పెచ్చులుగా రాల్చును. ఆ పెచ్చు రాలునది పసిబిడ్డ నిదురించు గదిలోనే కావచ్చును! అదియునుగాక డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమకు ఇట్టి నిలువనీరే పుట్టినిల్లు. వెచ్చని దినములలో గ్రుడ్డు దోమ యగుటకు వారము పదిదినములు చాలును.

కావున వాలు ముందుగా కప్పునకు కుదురవలెను. తూమువైపునకు 10 అడుగులకు ఒకటింబావు అంగుళమైనను పల్లముండవలెను; రెండంగుళములున్న మరియు మేలు. 20 అడుగుల వెడల్పును 30 అడుగుల పొడవును గల మేడపై ఒక సెంటీమీటరు వాన కురిసెనా, ఇంచుమించు 550 లీటర్ల నీరు చేరును. తుపాను దినములలో కురియునది ఒక సెంటీమీటరుతో పోదుగదా! తూము ఒక్కటే యున్న, ఒక్క ఎండుటాకు దానిని మూయగలదు. రెండు తూములు పెట్టించుడు.

పరీక్ష కష్టమైనది కాదు. పలకలు కొనకమునుపే తూములకు గుడ్డలు క్రుక్కి, అంగుళము లోతున నీరు నింపి, ఒక పగలును ఒక రాత్రియు ఉంచుడు. క్రింది గదులలో చెమ్మమరక తేలినచో ముందు దాని సంగతి చూడవలెను. పిమ్మట గుడ్డలు తీసి నీటిని విడువుడు. ఎక్కడ మడుగు మిగులునో అక్కడ సుద్దతో గీత గీసి మేస్త్రీకి చూపుడు. "ఆడవారికి వాలు సంగతి యేమి తెలియును?" అను మేస్త్రీకి ఆ గీతయే సమాధానము.

ఇక పలకల క్రింద పరచు కమ్ముల మాట. ఇందులోనే పెక్కుచోట్ల పని చెడుచున్నది. కమ్ములు నీరు పారు దిక్కునకే పొడవుగా నుండవలెను. అడ్డముగా పరచిన ఒక్కొక్క కమ్మి ఒక్కొక్క ఆనకట్ట యగును. అడ్డముగా వేయక తప్పదన్నచో చిన్న దిమ్మలమీద ఎత్తి, క్రిందుగా నీటికి దారి విడువవలెను. కమ్ములను మేకులతోగాని మరలతోగాని కప్పునకు బిగింపనీయకుడు. నీరు దిగకుండ పూసిన పూత యంతయు ఆ రంధ్రములచే వ్యర్థమగును. పలకకు పలకకు నడుమ 5 మిల్లీమీటర్ల సందు కావలెను. ఎండకు ఇవి సాగును గనుక గోడల యొద్ద ఇంకను ఎక్కువ విడువవలెను. ఎంతయో పలకలతో వచ్చిన కాగితములో నుండును.

ప్రతి తూముపైని పలకలు ఊడదీయుటకు వీలుగా నుండవలెనని ముందే ఒప్పందము చేసికొనుడు. తరువాత అడిగినచో వినువారుండరు. వానకాలమున వారమున కొకపరి ఆ పలకలను తీసి, ఆకులును కుండీలనుండి జారిన మన్నును ఎత్తివేయవలెను.

అద్దె యింటనో, పదికుటుంబముల ఉమ్మడి మేడయందో ఉన్నవారు యజమాని యొక్కయు ఇరుగుపొరుగువారి యొక్కయు సమ్మతిలేక ఈ పనికి పూనుకొనరాదు. కోస్తావారు అక్టోబరు, నవంబరు నెలలు విడిచి, సంక్రాంతి వెళ్లిన పిదప పని మొదలిడుట మంచిది.

రంగు విషయమున ఒక్క మాట. ముదురురంగు పలకలు వేసవి మధ్యాహ్నమున పాదములు కాల్చును. అంగడినుండి రెండు మూడు నమూనాలు తెచ్చి, ఎండలో పెట్టి, చేతితో తాకి చూచిన పిదపనే రంగు నిర్ణయించుకొనుడు.