గ్యాసు గురించి నవ్విస్తూ చెప్పొచ్చా?

సాంకేతిక విషయం చెప్పేవాడు ముఖం గంటు పెట్టుకునే ఉండాలని మా తరం ఇంజనీర్ల నమ్మకం. బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఐటీఐ పిల్లలకూ కాంట్రాక్టు కార్మికులకూ భద్రత గురించి చెబుతుంటాను. నవ్వించకపోతే వెనక వరస ఫోన్లలో మునిగిపోతుంది. అందుకే నవ్విస్తాను.

ఎలా నవ్వించాలన్న దగ్గరే నా పేచీ. మనవాళ్ల సభ ఉదారమైనది. పాత సహోద్యోగులు ముందు వరసలో కూర్చుని, భార్యల మీద అరిగిపోయిన వాట్సాప్ జోకుకు కూడా పగలబడి నవ్వుతారు. అది వక్త మీద అభిమానం. పాఠం బుర్రకెక్కిందని కాదు.

ఫర్నేసు గ్యాసే తీసుకోండి. అందులో ఇంచుమించు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. స్లైడు మీద రాస్తే ఎవరూ చదవరు. నేనిలా అంటాను: "వంటింటి గ్యాసు మర్యాద తెలిసిన మనిషి. కంపెనీవాళ్లు వాసన కలిపి పంపుతారు కాబట్టి గుమ్మంలోంచే 'వదినా, వచ్చాను' అంటుంది. ఫర్నేసు గ్యాసు మా తోడల్లుడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. మనల్ని పడుకోబెట్టాకే తెలుస్తుంది." ఒకసారి ఒక కుర్రాడు లేచి, "మరి మీ తోడల్లుడొస్తే మోగే గంట ఏటండీ?" అన్నాడు. జేబుకు తగిలించుకునే గ్యాస్ మానిటర్ గురించి చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. పడిపోయినవాడి కోసం ముక్కుకు తువ్వాలు కట్టుకుని పరుగెత్తొద్దనీ, శ్వాస పరికరం ఉన్నవాళ్లే వెళ్లాలనీ ఆ ఊపులోనే చెప్పేశాను.

మన విశాఖ ఉక్కు ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. "ఈ గోదావరికి నీళ్లంటే పడదు" అంటే చాలు, సుమారు 1500 డిగ్రీల ద్రవ ఇనుము కింద తడి ఉంటే ఎందుకు పేలుతుందో వాళ్లే అడుగుతారు.

నాకు సహించనిది మరొకటుంది. శ్రీకాకుళం యాసను వెక్కిరించి నవ్వు రాబట్టే వక్తలు. నవ్వేవాళ్లలో ఆ యాసవాళ్లే ఎక్కువ. మర్నాడు ఏ పైపు దగ్గర అనుమానం వచ్చినా ఆ పెద్దమనిషిని మాత్రం అడగరు. కథకుడు రావిశాస్త్రిగారు ఈ ప్రాంతపు మాటతోనే నవ్వించారు. ఆయన కొరడా తగిలింది మాత్రం పైనున్నవాళ్లకి.

గోపాలపట్నం వైపు వెళితే తోడల్లుణ్ణి ఇంట్లోనే వదిలేస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి పాకి 12 మంది చనిపోయారు. అక్కడ గ్యాసు మీద జోకు వేసే హక్కు నాకు లేదు.

ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినం సభలు పెట్టేవారికి ఒక మనవి. వక్తకు శాలువా కప్పేముందు వెనక వరసలో ఇద్దర్ని లేపి, గ్యాస్ మానిటర్ మోగితే ఏం చేస్తారో అడగండి. జవాబు వస్తేనే కప్పండి.