నల్లద్దం ఎవరికి?

మాధవరంలో మా నాయన కల్టివేటర్ విరిగినా, గుంటక విరిగినా తానే వెల్డింగ్ చేసుకునేవాడు. తమ్ముడికి రాడ్డు పట్టే హోల్డర్ చేతికిచ్చి నేర్పాడు. నాకిచ్చిన పని ఇనుప ముక్క కదలకుండా పట్టుకోవడం. "కళ్ళు మూసుకోమ్మా" అనేవాడు. పొరపాటున ఆ వెలుగు చూసిన రోజు రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. నల్లద్దాలు రెండే ఉండేవి, ఒకటి ఆయనకు, ఒకటి తమ్ముడికి. ప్రమాదం నాదాకా వచ్చింది, పని మాత్రం రాలేదు.

ఇప్పుడు మా అమ్మాయి సెలవుల్లో తాత దగ్గర నేర్చుకుంటానంటే చుట్టాలంతా అడ్డం. కళ్ళు పోతాయంట, ముఖం నల్లబడుతుందంట! పదేళ్ల పిల్ల కాగే నూనెలో బజ్జీలు వేస్తుంటే మురిసిపోయేది వీళ్ళే కదండీ. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాదే, ఆడపిల్లలూ చేరొచ్చు. మా ఆదోని వైపు చేలల్లో ఎండలో పత్తి తీసేది ఎవరు? అప్పుడు నల్లబడమా?

ఈసారి నాయనతో గట్టిగానే అన్నాను. చాలాసేపు పలకలేదు. తర్వాత దాని చేతికి హోల్డర్ ఇచ్చి, "అగ్గిపుల్ల గీసినట్టు గీకాలి. ఆనించి ఉంచితే అతుక్కుపోతుంది" అన్నాడు.

నల్లద్దాలు ఎమ్మిగనూరు నుంచి నేనే తెచ్చాను. రెండు తెచ్చాను, ఒకటి నాకు.