పడవ వేగం తగ్గితే తప్పు ఇంజనుదేనా?

పెన్న ఒడ్డున పుట్టినవారికి ఇసుక తెలిసినంతగా లోతు నీళ్లు తెలియవు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఒకప్పుడు పడవ మాటే అరుదు. నేడు కాలం మారింది. మైలవరం డ్యాము, 26.85 టి.ఎం.సి.ల గండికోట, పార్నపల్లె వద్ద చిత్రావతి రిజర్వాయరు నీళ్లతో కళకళలాడుతున్నాయి. తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపులో కలిస్తే నిండిన నీళ్లివి. వాటితోపాటు పడవ షికారూ వచ్చింది. పడవకు వెనుక తగిలించే పెట్రోలు ఇంజను సంగతి మాత్రం మనవారికి ఇంకా కొత్తే.

హాండిలు పూర్తిగా తోసినా ఇంజను చుట్లు పెరగకపోతే చాలామంది వెంటనే ఇంజనునే తిడతారు. మెకానిక్కు కోసం పరుగెత్తి కార్బొరేటరు విప్పిస్తారు. ఇది తొందరపాటు. మడక లోతుగా దిగితే ట్రాక్టరు గుర్రుమంటుంది. అది ట్రాక్టరు తప్పా? పడవ విషయమూ అంతే. ముందు బరువు చూడాలి. పడవ అడుగున నిలిచిన వంద లీటర్ల నీరు వంద కిలోల బరువు. డ్రైవరు ఒక్కడే వెళ్లినప్పుడు చుట్లు సరిగా వచ్చి, జనం ఎక్కగానే పడిపోతే రోగం ఇంజనుది కాదు, బరువుది. లేదా ఆ బరువుకు తగని ప్రొపెల్లరుది.

తర్వాత చూడవలసింది ప్రొపెల్లరునే. నాచు, వలదారం చుట్టుకుందా? మునిగిన చెట్టు మోడు తగిలి రెక్క వంగిందా? ప్రొపెల్లరు పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. ఇంజనును మరీ లోతుగా బిగించినా నీటి ఒరిపిడి పెరిగి వేగం చస్తుంది.

ఇవన్నీ సరిగా ఉంటే పెట్రోలు దారి చూడాలి. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం తెరవడం మరచిపోవడం తరచు జరిగే పొరపాటు. పైపులోని రబ్బరు బుడ్డ చప్పిడిపోతుంటే దానికీ ట్యాంకుకూ నడుమ ఎక్కడో అడ్డు ఉన్నట్లు. వేగం పడిపోయినప్పుడు ఆ బుడ్డను చేత్తో నొక్కగానే ఇంజను పుంజుకుంటే పెట్రోలు చాలినంత అందడం లేదన్నమాట. ఫిల్టరులో నీళ్లున్నాయేమో చూడాలి. ఇంజను ఆపి, హాండిలు చివరిదాకా తోసినప్పుడు కేబులు థ్రాటిల్‌ను పూర్తిగా తెరుస్తున్నదో లేదో చూడాలి. ఆ తర్వాతే స్పార్కు ప్లగ్గులు, సిలిండరు కంప్రెషను. చల్లార్చే నీటిధార సన్నగిల్లితే వెంటనే ఆపవలసిందే. కొత్తరకం ఇంజన్లు వేడెక్కితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఆ కాపలా తీగను ఊడపీకి నడపడం అవివేకం.

ఎన్ని చుట్లు రావాలో ఇంజను పుస్తకంలోనే ఉంటుంది. చాలా ఇంజన్లకు పూర్తి వేగం 5,000 నుంచి 6,000 మధ్య. కొలిచే మీటరు లేకుండా "బాగానే పోతోంది" అనడం కళ్లు మూసుకుని నడవడమే.

ఒక పూట పడవ ఆపితే కూలి పోతుందని నడిపేవాడు అంటాడు. అతని మాటలో న్యాయముంది. అందుకే ఆ నష్టాన్ని యజమాని భరించాలి గాని బరువంతా కూలివాడి నెత్తిన వేయరాదు. 2017లో కృష్ణలో ఇబ్రహీంపట్నం వద్ద, 2019లో గోదావరిలో కచ్చులూరు వద్ద పడవలు బోల్తాపడి ఎన్నో కుటుంబాలు కూలిపోయాయి. అవి ఈ లోపం వల్ల జరిగినవని కాదు. నీటిమీద చిన్న అశ్రద్ధకు చెల్లించే మూల్యం ఎంతటిదో అవి చెప్పాయి. గాలి లేచినప్పుడు ఒడ్డు చేరవలసిన శక్తి లేని పడవ ప్రయాణికులను ఎక్కించుకోరాదు.

ప్రతి ఉదయం ఖాళీ పడవను ఒకసారి పూర్తి వేగంతో నడిపి, వచ్చిన చుట్లను పుస్తకంలో వ్రాయించాలి. సంబంధిత అధికారులు ఆ పుస్తకాన్ని తనిఖీ చేయాలి. ప్రయాణికులూ "ఇంకొక్కరే గదా" అని ఒత్తిడి చేయడం మానాలి. లైఫ్ జాకెట్టు అడిగి తొడుక్కోవాలి. ఊళ్లను వదులుకుని తెచ్చుకున్న నీళ్లు ప్రాణాలు నిలపాలి గాని తీయకూడదు.