యూరియా మానేశాం సరే, మోటారు సంగతేంది?

పైన పెట్టిన వీడియో మా బోరు దగ్గర తీసింది. అందులో నేను స్టార్టర్ డబ్బాలోంచి ఆటో స్టార్టర్ ఊడదీస్తున్నాను. ముందు దీన్ని వాట్సాప్‌లో పెడితే "ఇదేంది, జీవామృతం వీడియో పెడతావనుకుంటే కరెంటు డబ్బా చూపిస్తున్నావు" అని ఒకరిద్దరు ఫోన్ చేశారు. దానికి కారణం అమీర్‌పేటలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్న.

మాది వికారాబాద్ వైపు, ఐదెకరాలు. తొమ్మిదేళ్ల నుంచి యూరియా, డీఏపీ ముట్టలేదు. ఆదివారం పొద్దున్నే బియ్యం, పప్పులు, కూరగాయలు చిన్న ట్రాలీలో వేసుకుని సిటీకి వస్తాను. ముందు అమీర్‌పేటలో మైత్రివనం వెనక హాస్టళ్ల గల్లీలు, తర్వాత పంజాగుట్ట అపార్ట్‌మెంట్లు. హాస్టల్ పిల్లలు కిలో, రెండు కిలోలు కొంటారు. పంజాగుట్ట వాళ్లు ఇరవై ఐదు కిలోల సంచి దించుకుంటారు. బండికి ఒక ఫ్లెక్సీ కట్టుకున్నాను, "కాలుష్యం లేని బియ్యం" అని. రాయించినప్పుడు గొప్పగానే అనిపించింది.

ఒక ఆదివారం మిర్యాలగూడ దిక్కు పిల్లవాడు, కరెంటు డిపార్ట్‌మెంట్ ఇంజనీరు పరీక్షకు కోచింగ్ తీసుకుంటున్నవాడు, ఆ ఫ్లెక్సీ చదివి నవ్వాడు.

"అంకుల్, బోరు ఎన్ని హెచ్‌పీ?"

"ఐదు."

"యాసంగి వరికి రోజుకు ఎన్ని గంటలు నడుస్తది?"

"ఆరు గంటలు అనుకో."

"ఎన్ని రోజులు?"

"వంద."

బియ్యం సంచి మీదనే పెన్నుతో లెక్క కట్టాడు. గంటకు సుమారు నాలుగు యూనిట్లు, మొత్తం 2,400 యూనిట్లు. మన దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గుదే. బొగ్గు కేంద్రంలో యూనిట్‌కు ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే నా రెండెకరాల వరికి టన్నుకు పైగా బొగ్గు! "మా దిక్కు దామరచర్లకు వచ్చి చూడండి అంకుల్, మీ బియ్యానికి పొగ అక్కడ లేస్తది" అన్నాడు. కిలో బియ్యం తీసుకుని పైసలిచ్చి పోయాడు. నేను ఆ రోజంతా సరిగ్గా బేరం చేయలేదు.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఆ కోపంలోనే పంజాగుట్ట చౌరస్తా దాకా వచ్చాను. అక్కడ వైఎస్ రాజశేఖరరెడ్డి గారి విగ్రహం ఉంది. 2004 మే 14న ఆయన ముఖ్యమంత్రిగా పెట్టిన మొదటి సంతకం మన ఉచిత కరెంటు మీదనే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. ఆ కరెంటు లేకపోతే మా ఊళ్లో సగం మంది భూములు అమ్ముకునేవాళ్లు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. కాబట్టి ఉచిత కరెంటు తప్పు అని నేను అనను, అనేవాళ్లతో వాదిస్తాను కూడా. కానీ పైసలు కట్టని కరెంటుకు లెక్క ఉండదని మనం అలవాటు పడ్డాం. రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు 27 లక్షలకు పైనే ఉన్నాయి. అందరం కలిసి ఎంత తోడుతున్నామో మనలో ఎవరం ఆలోచించాం?

చౌరస్తాకు కాస్త అవతల ఖైరతాబాద్‌లో విద్యుత్ సౌధ ఉంది. కరెంటు లెక్కలన్నీ అక్కడే తేలుతాయి. నిజాం కాలంలో హుస్సేన్ సాగర్ ఒడ్డునే థర్మల్ కేంద్రం ఉండేది, సిటీ వాళ్లకు పొగ కళ్లెదురుగా కనిపించేది. ఇప్పుడు ఆ పొగ మణుగూరులో, రామగుండంలో, దామరచర్లలో లేస్తుంది. దామరచర్ల యాదాద్రి కేంద్రం మొత్తం 4,000 మెగావాట్లది, 2024 డిసెంబరులో అందులో ఒక యూనిట్ ప్రారంభమైంది. అమీర్‌పేట మెట్రో ఎక్కేవాడికీ, నా బోరుకూ కరెంటు ఒకే గ్రిడ్‌లోంచి వస్తుంది. బొగ్గు ఎవరికీ కనపడదు, అందుకే ఇద్దరం శుభ్రంగా ఉన్నామనుకుంటాం.

గ్రీన్ ఎనర్జీ వచ్చేసింది కదా అంటారు. 2025 మధ్యకల్లా దేశంలో కరెంటు తయారీ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే అయింది, నిజమే. కానీ కొట్టంలో పది పశువులుంటే అందులో పాలిచ్చేవి ఎన్ని అని అడగాలి కదా. సోలార్ పగలే ఇస్తుంది, మబ్బు పడితే తగ్గుతుంది. రాత్రి ఇచ్చేది ఎక్కువగా బొగ్గే. అందుకే సామర్థ్యం సగమైనా కరెంటులో ఇంకా బొగ్గుదే పెద్ద వాటా.

ఇక యూరియా. మనం మానేసింది చిన్నది కాదు, అది కూడా చెప్పుకోవాలి. రామగుండంలో పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది. 1980లో మొదలై 1999లో మూతపడింది. అక్కడే కట్టిన కొత్త ఫ్యాక్టరీ 2021 నుంచి గ్యాస్‌తో ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో నడుస్తోంది. దేశంలో యూరియాకు పోసే గ్యాస్‌లో ఎక్కువ భాగం ఓడల మీద బయటి దేశాల నుంచి వచ్చేదే. 45 కిలోల బస్తా తయారీకి పట్టే శక్తి, లెక్క వేస్తే సుమారు ఒకటిన్నర వంటగ్యాస్ సిలిండర్లంత. రైతుకు అది 266 రూపాయల చిల్లరకే వస్తుంది, మిగతా ఖర్చు సర్కారు మోస్తుంది. పొలంలో చల్లాక అందులో కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 273 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డవాళ్లను చూసి, ఆ లైన్లో నేను లేనని సంతోషపడ్డాను. ఇప్పటికీ సంతోషమే.

కానీ నా రెండెకరాలకు నేను మానేసింది ఆరు బస్తాలు. అంటే తొమ్మిది సిలిండర్ల గ్యాస్, దానికి పొలంలో పుట్టే వాయువు అదనం. నా మోటారు వల్ల గాలిలోకి పోయేది దాదాపు 1,700 కిలోల బొగ్గుపులుసు వాయువు. అన్నీ కలిపినా ఆరు బస్తాల కంటే మోటారుదే ఎక్కువ తూగింది! తొమ్మిదేళ్లు నేను చిన్న చిల్లు పూడ్చి, పెద్ద చిల్లు చూడలేదన్నమాట.

పంజాగుట్టలో ఒక మేడం ఎప్పుడూ అంటారు, "డీజిల్ బండి మీద తెస్తారేంటండీ, ఎలక్ట్రిక్ బండి కొనుక్కోవచ్చుగా" అని. ఆ లెక్కా వేశాను. రానుపోను 140 కిలోమీటర్లు, ఎనిమిది లీటర్ల డీజిల్, నాలుగు క్వింటాళ్ల సరుకు. కిలోకు 50 గ్రాముల వాయువు పడుతుంది. మోటారుదైతే కిలో బియ్యానికి ముప్పావు కిలో. కంటికి కనిపించే పొగ గురించి అందరూ మాట్లాడతారు, కనపడని దాని గురించి ఆ పిల్లవాడొక్కడే అడిగాడు. (మేడం గారి మేడ మీద ఏసీ డబ్బాలు ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టలేదు, గొడవెందుకు.)

మనవాళ్లలో కొందరు "వాతావరణ మార్పు అంతా విదేశాల వాళ్ల కట్టుకథ, మనకెందుకు" అంటారు. కల్లంలో వడ్లు తడిసి మొలకలెత్తినవాళ్ల ముందు ఆ మాట అనకండి. ఇంకొందరు "సోలార్ పంపు పెట్టించుకో, అయిపోతుంది" అంటారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు. ఎండ ఉన్నంతసేపూ ఊరికే నడిచే మోటారు బోరును ఇంకా తొందరగా ఎండగొడుతుంది. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో రైతు తన పొలంలో ప్యానెళ్లు పెట్టి కరెంటును గ్రిడ్‌కు అమ్మే దారి ఉంది, ఊరి వ్యవసాయ ఫీడర్‌నే సోలార్ మీద నడిపే దారీ ఉంది. నాకు ఇవి నచ్చాయి. అమ్ముకునే కరెంటైతే నీళ్లు వృథాగా తోడటానికి మనకే మనసొప్పదు.

నేను చేసింది ఇంతే. ఆటో స్టార్టర్ తీసేశాను. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు అర్ధరాత్రి కూడా దానంతటదే నడిచే మోటారు బొగ్గు మోటారు. ఇప్పుడు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపల, గ్రిడ్‌లో సోలార్ ఎక్కువగా ఉండే వేళ నేనే పోయి వేస్తున్నాను. యాసంగి వరి రెండెకరాల నుంచి అర ఎకరానికి తగ్గించాను, మిగతాది జొన్న, నువ్వులు, ఉలవలు. ఆ అర ఎకరంలో కూడా చిల్లుల గొట్టం పాతాను. నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తున్నాను, పూత దశలో తప్ప. నిలువ నీళ్లు లేకపోతే మడిలో మీథేన్ కూడా తగ్గుతుంది. గొట్టం పాతిన వీడియో వచ్చే వారం పెడతాను. ఆచ్ఛాదన వేసిన జొన్నకు మూడు తడులే సరిపోయాయి.

నష్టం లేదా అంటే ఉంది. పంజాగుట్టలో బియ్యం సంచులు తగ్గాయి, జొన్నలు కొనేవాళ్లు ఇంకా అంతమంది లేరు. ఇంట్లో "ఎవడో పిల్లగాడు అన్నాడని వరి తగ్గిస్తావా" అని నెల రోజులు మాట పడ్డాను. రాత్రి మోటారు వేసుకునే పక్క పొలం తమ్ముడు నన్ను చూసి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఫ్లెక్సీ మార్చాను. ఇప్పుడు "యూరియా వేయని బియ్యం" అని మాత్రమే ఉంది. మొన్న ఆదివారం ఆ పిల్లవాడు వచ్చి చదివి, ఈసారి నవ్వలేదు. "గంటలు ఎన్నికి దిగినయి అంకుల్?" అని అడిగాడు. నోటుబుక్కు చూపించాను, ఆరు వందల నుంచి రెండు వందల పదికి దిగాయి. రెండు కిలోల జొన్నలు కొన్నాడు, హాస్టల్లో రొట్టె ఎవరు చేస్తారో మరి.

మీ మోటార్లకు మీటర్లు ఉండవు, నాకు తెలుసు. గోడ గడియారం చాలు. ఈ పంటకు మీ బోరు ఎన్ని గంటలు నడిచిందో రాసి పెట్టుకుని వీడియో కింద చెప్పండి. పంట పేరు, ఎకరాలు, మోటారు హెచ్‌పీ కూడా రాయండి.